గట్టిదా, పొందికైనదా? విశాఖ తేమలో పంటి పదార్థాలు

పన్నుకు ఫిల్లింగో క్యాపో వేయించుకునేవాళ్లు ధర తర్వాత అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "వీటన్నిట్లో గట్టిది ఏది?" విశాఖలో జగదాంబ జంక్షన్ దగ్గర అడిగినా, గాజువాకలో అడిగినా ప్రశ్న ఇదే. అడగడంలో తప్పు లేదు. ఆర్నెల్లకోసారి ఊడిపోయే ఫిల్లింగ్ ఎవరికి కావాలి? అయితే గట్టిదనం అనే ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు గుణాలున్నాయి. ఒకదాంట్లో ముందున్న పదార్థం మరోదాంట్లో వెనకబడుతుంది. పైగా ఫిల్లింగ్ ఎన్నాళ్లు ఉంటుందన్నది దాని సొంత బలం కన్నా, పక్కనున్న పంటితో అది ఎలా పొసుగుతుంది, కలిపేటప్పుడు దానికి ఎంత తేమ తగిలింది అన్నవాటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోసే సముద్రతీర నగరంలో ఈ రెండో సంగతిని తేలిగ్గా తీసుకోలేం.

ముందు పన్ను సంగతే చూద్దాం. పైపొర ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్ అది. వంగకుండా నిలిచే గుణాన్ని కొలిచే స్థితిస్థాపక గుణకం ఎనామిల్‌కు సుమారు 80 గిగాపాస్కల్. దాని కింద ఉండే డెంటిన్‌కు 18 మాత్రమే. పైనుంచి నొక్కితే ఎనామిల్ 380 మెగాపాస్కల్ దాకా ఓర్చుకుంటుంది. అదే ఎనామిల్‌ను పక్కలకు లాగితే 10 మెగాపాస్కల్ ప్రాంతంలోనే చిట్లిపోతుంది. మరి అరవై ఏళ్లపాటు చెక్కలు, జంతికలు ఎలా నములుతున్నాం? కింద ఉన్న డెంటిన్ కాస్త వంగి, ఆ ఒత్తిడిని తను తీసుకుంటుంది కాబట్టి. దవడ పళ్ల మధ్య పెద్దవాళ్లు పెట్టే బలం 500 నుంచి 700 న్యూటన్ల వరకూ ఉంటుంది, అంటే ఇంచుమించు 50 నుంచి 70 కిలోల బరువు. ఎనామిల్ ఒక్కటే ఉంటే అది ఎప్పుడో ముక్కలయ్యేది. పన్ను నిలవడానికి కారణం ఒక గట్టి పొర, ఒక మెత్తటి పొర ఒకదానికొకటి సరిగ్గా అతుక్కుని ఉండటం.

ఈ సంగతి గుర్తుంటే పాత సిల్వర్ ఫిల్లింగ్ ఎందుకు అంత పెద్ద గుంత అడిగేదో అర్థమవుతుంది. వెండి, తగరం, రాగి పొడిని పాదరసంతో కలిపి చేసే అమాల్గమ్ నొక్కుడుకు 300 నుంచి 500 మెగాపాస్కల్ దాకా నిలుస్తుంది, డెంటిన్ కన్నా ఎక్కువే. లాగుడు బలం మాత్రం అందులో ఎనిమిదో వంతో, ఇంకా తక్కువో. పల్చటి అంచులుంటే విరిగిపోతుంది. అందుకే డాక్టర్లు పుచ్చిన భాగంతోపాటు బాగున్న పంటిని కూడా కొంత కోసి, పెట్టెలాంటి గుంత చేసి, అంచులు నిటారుగా ఉండేలా చూసుకునేవారు. ఆ పదార్థం పంటికి అంటుకోదు, గుంత ఆకారం దాన్ని పట్టుకుని ఉండాలి. పదార్థం బలహీనతకు పన్ను మూల్యం చెల్లించిందన్నమాట.

బజ్జీ తర్వాత ఐస్‌క్రీమ్

ఆర్కే బీచ్‌లో సాయంత్రం వేడివేడి మిరపకాయ బజ్జీ తిని, వెంటనే ఐస్‌క్రీమ్ కొనుక్కునేవాళ్లు బోలెడంతమంది. పంటి పదార్థాలకు ఇంతకన్నా కఠిన పరీక్ష లేదు. ప్రయోగశాలల్లో కూడా నమూనాలను 5 డిగ్రీల నీళ్లలో ఒకసారి, 55 డిగ్రీల నీళ్లలో ఒకసారి వందలసార్లు మార్చి మార్చి ముంచి చూస్తారు.

వేడికి ప్రతి పదార్థమూ వ్యాకోచిస్తుంది, కానీ ఒకే లెక్కన కాదు. డిగ్రీకి పది లక్షల వంతుల్లో చెబితే పంటికి సుమారు 11, గాజుపొడి, ఆమ్లం కలిపి చేసే గ్లాస్ అయనోమర్ సిమెంట్‌కు దాదాపు అంతే, అమాల్గమ్‌కు 25, పంటి రంగు ఫిల్లింగులకు వాడే కాంపోజిట్‌కు రకాన్నిబట్టి 25 నుంచి 50, కట్టుడు పళ్ల ఆక్రిలిక్‌కు 80 పైన. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న గుంత తీసుకుందాం. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మారితే పన్ను ఆ వెడల్పులో 1.8 మైక్రాన్లు కదులుతుంది. 35 వ్యాకోచ గుణకమున్న కాంపోజిట్ 5.6 మైక్రాన్లు కదులుతుంది. తేడా నాలుగు మైక్రాన్లకు కాస్త తక్కువ. ఇదేం లెక్కలోది అనిపించవచ్చు. కానీ పళ్లు పుచ్చడంలో పెద్ద పాత్ర ఉన్న స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ బ్యాక్టీరియా మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. అతుకు వదిలితే చల్లబడినప్పుడల్లా ఉమ్మి లోపలికి వెళ్తుంది, వేడెక్కినప్పుడల్లా బయటికి నెట్టబడుతుంది.

ఈ లెక్కలో ఒక మినహాయింపు ఉంది. ఐస్‌క్రీమ్ నోట్లో ఉండేది కొన్ని సెకన్లే, కాంపోజిట్ వేడిని నెమ్మదిగా పంపుతుంది. కాబట్టి లోపలి దాకా 40 డిగ్రీల మార్పు చేరదు. అమాల్గమ్ లోహం కాబట్టి వేడిని, చలిని వెంటనే లోపలికి చేరవేస్తుంది. సిల్వర్ ఫిల్లింగ్ వేసిన కొత్తలో చల్లటి నీళ్లు తాగితే జివ్వుమనడం దీనివల్లే. లోతైన గుంతల్లో కింద ఒక సిమెంట్ పొర వేసేదీ ఇందుకే.

గుణకం పంటికి రెండింతలున్నా అమాల్గమ్ అంచుల దగ్గర కారిపోకుండా ఏళ్లతరబడి ఎలా నిలిచింది? తుప్పు వల్ల! తగరం ఆక్సైడ్లు, క్లోరైడ్లు పంటికీ ఫిల్లింగుకూ మధ్యనున్న సందులో మెల్లగా పేరుకుని దాన్ని మూసేస్తాయి. తుప్పు మేలు చేసే చోటు ఇదొక్కటేనేమో. పాత మిశ్రమాల్లో ఆ తుప్పు హద్దు దాటేది. గామా-2 అనే తగరం–పాదరసం సమ్మేళనం మెత్తగా ఉండి, లోపలి దాకా తినబడి, అంచులు చిట్లేవి. 1963లో ఇన్నెస్, యూడెలిస్ రాగి శాతం పెంచిన మిశ్రమం తెచ్చారు. తగరం పాదరసంతో కాకుండా రాగితో జతకట్టడంతో గామా-2 దాదాపు మాయమైంది. అంచులు నిలిచాయి. సందు మూసుకోవడానికి మాత్రం మునుపటికన్నా ఎక్కువ కాలం పట్టింది. ఒక గుణం బాగుపడితే ఇంకో గుణం కొంత తగ్గడం ఈ శాస్త్రంలో మామూలే.

ముడుచుకునే ఫిల్లింగ్

పంటి రంగు ఫిల్లింగుల చరిత్రలో రెండు సంవత్సరాలు ముఖ్యం. 1955లో బుయోనొకోర్ ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకు చేస్తే ఆక్రిలిక్ దానికి గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. 1962లో రాఫెల్ బోవెన్ బిస్-జీఎంఏ అనే రెజిన్‌కు, అంటే ప్లాస్టిక్‌లా గట్టిపడే జిగురు పదార్థానికి, పేటెంట్ పొందాడు. ఇప్పటి కాంపోజిట్లలో చాలావాటికి మూలం అదే. రెజిన్‌లో గాజు, సిలికా రేణువులు కలుపుతారు. ఆ రేణువులకు సైలేన్ పూత వేస్తేనే రెజిన్ వాటిని వదలకుండా పట్టుకుంటుంది. నీలి కాంతి పడగానే క్యాంఫర్‌క్వినోన్ అనే పసుపు రసాయనం చర్యను మొదలుపెడుతుంది. ఆ కాంతి తరంగదైర్ఘ్యం 470 నానోమీటర్ల దగ్గర ఉండాలి.

చిక్కేమిటంటే చిన్న అణువులు గొలుసులుగా కలిసేటప్పుడు దగ్గరికి జరుగుతాయి. మామూలు కాంపోజిట్ ఘనపరిమాణంలో రెండు మూడు శాతం ముడుచుకుంటుంది. స్వేచ్ఛగా ఉంటే ముడుచుకున్నా నష్టం లేదు, నాలుగు గోడలకూ అంటుకుని ఉన్నప్పుడు ముడుచుకుంటేనే చిక్కు. గోడల్ని లోపలికి లాగుతుంది, లేదా ఏదో ఒక గోడ దగ్గర ఊడుతుంది. డాక్టరు కొంచెం కొంచెంగా, రెండు మిల్లీమీటర్ల పొరలుగా వేస్తూ లైటు పెట్టడానికి ఒక కారణం ఇది, అంతకన్నా లోతుకు మామూలు కాంపోజిట్‌లో కాంతి సరిగా చేరకపోవడం మరో కారణం. "పది నిమిషాల పనికి ముప్పావుగంట చేశారు" అని విసుక్కునే పేషెంటుకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

రంగు విషయానికొస్తే, రెజిన్ కాస్త నీటిని పీల్చుకుంటుంది, నీటితోపాటు రంగునూ పీల్చుకుంటుంది. పసుపులోని కర్క్యుమిన్ దీనికి బాగా పడుతుంది. మన వంటల్లో పసుపు లేని పూట ఉండదు కాబట్టి, పాలిష్ సరిగా పెట్టని ముందుపంటి ఫిల్లింగ్ త్వరగా పచ్చబడటంలో వింత లేదు.

ఉక్కపోతలో సిమెంట్

పదార్థం పెట్టెమీద అచ్చయ్యే బలం, గట్టిపడే సమయం ఎక్కడివి? గ్లాస్ అయనోమర్, జింక్ ఫాస్ఫేట్ లాంటి సిమెంట్లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9917 ప్రకారం నమూనాలను 23 డిగ్రీల దగ్గర, 50 శాతం తేమకు పది అటూ ఇటూగా కలపాలి. విశాఖలో ఏసీ లేని గదిలో ఆ వాతావరణం దొరకడం కష్టం. వానాకాలంలో 30 డిగ్రీలు, 75 శాతం తేమ అంటే ఇక్కడ మామూలు రోజు.

ఈ తేడా ఎలా పనిచేస్తుందో జింక్ ఫాస్ఫేట్ బాగా చూపిస్తుంది. క్యాపులు అతికించడానికి వందేళ్లకు పైగా వాడుతున్న సిమెంట్ ఇది. జింక్ ఆక్సైడ్ పొడి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలవగానే వేడి పుడుతుంది, ఆ వేడికి చర్య ఇంకా జోరందుకుంటుంది. అందుకే పొడిని చిటికెడు చిటికెడుగా, చల్లటి గాజు పలక మీద వెడల్పుగా పరుస్తూ కలపాలి. పలక చల్లగా ఉంటే చర్య నెమ్మదిస్తుంది, అంతే ద్రవంలో ఎక్కువ పొడి ఇముడుతుంది, సిమెంట్ బలంగా తయారవుతుంది, పుల్లదనం తగ్గుతుంది. ఇక్కడిదాకా ప్రతి విద్యార్థికీ తెలుసు. పలక చల్లగా ఉండాలి గానీ మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా చల్లగా ఉండకూడదన్న రెండో సగం పరీక్షలో రాసినంత తేలిగ్గా పనిలో గుర్తుండదు. 24 డిగ్రీల, 55 శాతం తేమ ఉన్న ఏసీ గదిలో ఆ హద్దు 14 డిగ్రీల దగ్గర ఉంటుంది. 30 డిగ్రీలు, 75 శాతం తేమలో అదే హద్దు 25 డిగ్రీలకు ఎగబాకుతుంది. అంటే 20 డిగ్రీల పలక ఏసీ గదిలో పొడిగా ఉంటుంది, కరెంటు పోయిన వానాకాలపు మధ్యాహ్నం కంటికి ఆనని నీటిపొరతో తడుస్తుంది. ఆ నీరు ఆమ్లంలో కలిస్తే సిమెంట్ తొందరగా బిగుసుకుంటుంది, బలం తగ్గుతుంది. క్యాపు పూర్తిగా కూర్చోకముందే సిమెంట్ చిక్కబడితే కొరుకు ఎత్తుగా తగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పలకను గుడ్డతో తుడిచి వాడటం ఈ ఊళ్లో సరిపోదు, తుడిచిన క్షణంలోనే మళ్లీ చెమ్మ పడుతుంది. అదే కారణంగా ద్రవం సీసాకు మూత వెంటనే పెట్టాలి. అందులోకి నీరు చేరితే వేగం పెరుగుతుంది, ఆవిరైపోతే తగ్గుతుంది.

తేమ వల్ల చెడే పదార్థాల్లో, పళ్ల అచ్చులు పోసే ప్లాస్టర్‌ది మరీ విచిత్రమైన ప్రవర్తన. కాల్షియం సల్ఫేట్ హెమీహైడ్రేట్ పొడి నీటితో కలిసి డైహైడ్రేట్‌గా మారి గడ్డకడుతుంది. మూత వేయని డబ్బాలో గాలి తేమకే కొన్ని రేణువుల మీద డైహైడ్రేట్ స్ఫటికాలు మొలుస్తాయి. అవి విత్తనాల్లా పనిచేసి, కలిపినప్పుడు మిగతా పొడిని త్వరగా గడ్డకట్టిస్తాయి. ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే స్ఫటికాలు రేణువును మొత్తం కప్పేస్తాయి, నీరు లోపలికి పోదు, ఈసారి గడ్డకట్టడమే ఆలస్యమవుతుంది. ఒకే బస్తా జూన్‌లో తొందరపెట్టి, ఆగస్టులో సతాయిస్తే కంపెనీని తిట్టుకోనక్కర్లేదు. లెక్క ప్రకారం 100 గ్రాముల పొడికి కావలసిన నీరు 18.6 గ్రాములే. ప్లాస్టర్‌కు 45 నుంచి 50, డెంటల్ స్టోన్‌కు 28 నుంచి 30 మిల్లీలీటర్లు పోస్తాం. మిగిలిన నీరంతా ఆరిపోయి ఖాళీలు మిగులుస్తుంది, స్టోన్ బలంగా ఉండటానికి కారణం ఆ ఖాళీలు తక్కువ కావడమే. పూర్తిగా ఆరిన అచ్చుకు తడి అచ్చు కన్నా దాదాపు రెండింతల బలం ఉంటుంది. తేమగాలిలో ఆ ఆరడమే ఆలస్యం.

కొలత తీసే ఆల్జినేట్‌కు గాలికన్నా నీటితోనే ఎక్కువ పేచీ. మే నెలలో మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లతో కలిపితే గిన్నెలోనే గడ్డకడుతుంది. తీసిన కొలత గాలికి ఎండినా కుంచించుకుపోతుంది, నీళ్లలో వేసినా ఉబ్బుతుంది. తడిగుడ్డలో చుట్టి వెంటనే అచ్చు పోయడం తప్ప మార్గం లేదు, టూవీలర్ మీద ల్యాబ్‌కు పంపేసరికి ట్రాఫిక్‌లో గంట గడిస్తే ఆ క్యాపు సరిగ్గా కూర్చోకపోవడం సహజమే. తేమ కథల్లో అన్నిటికన్నా పాతది అరచేతి చెమటది. జింక్ ఉన్న అమాల్గమ్‌ను ఒకప్పుడు అరచేతిలో వేసి పిసికేవారు. ఆ చెమట నీటితో జింక్ చర్య జరిపి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. మూడు నుంచి ఐదు రోజుల తర్వాత ఫిల్లింగ్ ఉబ్బి నొప్పి మొదలయ్యేది.

భీమిలి ఇసుక నుంచి జిర్కోనియా దాకా

ఈమధ్య క్యాపుల మాట వస్తే జిర్కోనియా పేరే వినిపిస్తోంది. దాని మూలఖనిజం జిర్కాన్ విశాఖకు పరాయిది కాదు. భీమునిపట్నం తీరంలో ఇసుక మీద కనిపించే నల్లటి చారల్లో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌లతోపాటు జిర్కాన్ కూడా ఉంది. జిర్కాన్ అంటే జిర్కోనియం సిలికేట్. అందులోంచి సిలికాను విడదీసి, శుద్ధిచేసి, ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిపితే క్యాపులకు పనికొచ్చే జిర్కోనియా వస్తుంది.

ఇట్రియా ఎందుకు? శుద్ధ జిర్కోనియా 1170 డిగ్రీలకు పైన ఒక స్ఫటిక రూపంలో, కింద మరో రూపంలో ఉంటుంది. చల్లబడి రూపం మారేటప్పుడు ఘనపరిమాణం నాలుగు శాతం దాకా పెరిగి, ముక్క ముక్కలవుతుంది. అణువుల్లో మూడు శాతం ఇట్రియా చేర్చితే వేడి రూపమే గది ఉష్ణోగ్రతలోనూ బందీగా మిగిలిపోతుంది. ఎక్కడైనా బీట మొదలైతే దాని మొనదగ్గరి రేణువులు ఆ ఒత్తిడికి బందీ నుంచి విడిపోయి ఉబ్బుతాయి, ఉబ్బి ఆ బీటను నొక్కి మూసేస్తాయి. దీన్ని గార్వీ బృందం 1975లో బయటపెట్టింది. వంచితే 900 నుంచి 1200 మెగాపాస్కల్ దాకా నిలిచే శక్తి ఇలా వచ్చింది. మామూలు పింగాణీ వంద దాటడమే గగనం.

ఇంత గట్టిది ఎదుటి పంటిని అరగదీయదా? సహేతుకమైన భయమే, కానీ అరుగుదల గట్టిదనాన్నిబట్టి కన్నా గరుకుదనాన్నిబట్టి ఉంటుంది. నున్నగా పాలిష్ పెట్టిన జిర్కోనియా ఎదుటి ఎనామిల్‌ను పింగాణీ కన్నా తక్కువగా అరగదీస్తుంది. కొరుకు సరిచేయడానికి గీకి, మళ్లీ పాలిష్ పెట్టకుండా వదిలేసినదే ప్రమాదం. అసలు ఇబ్బంది అతుకు దగ్గర ఉంది. పింగాణీని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేయవచ్చు. జిర్కోనియాలో ఆ ఆమ్లం కరిగించే గాజు భాగమే లేదు. అల్యూమినా పొడితో కొట్టి, ఎండీపీ అనే ఫాస్ఫేట్ మోనోమర్ ఉన్న సిమెంట్ వాడాలి. దానికి ముందు నోట్లో పెట్టి చూసినప్పుడు ఉమ్మి తగిలితే ఎండీపీ పట్టుకోవాల్సిన స్థానాలను ఉమ్మిలోని ఫాస్ఫేట్లే ఆక్రమించుకుంటాయి, కడిగినా పూర్తిగా పోవు. అన్నిట్లోకీ గట్టి క్యాపు చెక్కుచెదరకుండా చేతిలోకి ఊడివచ్చే సందర్భాలకు ఇదొక కారణం. గట్టిదనం మీద పెట్టిన శ్రద్ధలో సగం అతుకు మీద పెడితే ఇలాంటివి చాలా తగ్గుతాయి.

కట్టుడు పళ్ల ఆక్రిలిక్ గురించి రెండు ముక్కలు చాలు. దాని ద్రవం మిథైల్ మెథాక్రిలేట్ 100.8 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ల్యాబ్‌లో తొందరపడి ఒక్కసారిగా వేడిచేస్తే లోపల బుడగలు పడతాయి, అందుకే 74 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ పళ్లను శుభ్రమని మరిగే నీళ్లలో వేస్తే లోపల బిగిసి ఉన్న ఒత్తిళ్లు సడలి ప్లేటు వంకరపోతుంది. ఎండలో ఆరబెట్టినా కొలత మారుతుంది. రాత్రి మామూలు నీళ్లలో వేసి ఉంచాలి.

పాదరసం తప్పుకుంటే

యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి పంటి అమాల్గమ్‌ను, వైద్యపరంగా తప్పనిసరి అయిన సందర్భాల్లో తప్ప, నిలిపేసింది. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. విశాఖలోనూ ప్రైవేటు క్లినిక్కుల్లో చాలామంది పేషెంట్లు ఇప్పుడు పంటి రంగు ఫిల్లింగే అడుగుతారు. పర్యావరణం కోణంలో ఇది మంచిదే. కానీ పదార్థాల కోణంలో ఒక సంగతి మరుగున పడుతోంది. అమాల్గమ్ కాస్త తడిని, కాస్త అజాగ్రత్తను సహించేది, అందులోనూ జింక్ లేని రకాలైతే మరీ. కాంపోజిట్ సహించదు. ఆమ్లంతో గరుకు చేసిన ఎనామిల్‌కు ఒక్క క్షణం ఉమ్మి తగిలినా మళ్లీ మొదటికి రావాలి. రబ్బర్ డ్యామ్ (పంటికి ఉమ్మి తగలకుండా చుట్టూ బిగించే రబ్బరు పొర), ఉమ్మిని లాగేసే సక్షన్, నమ్మదగిన కరెంటు, మంచి లైటు ఉన్నచోట అది గొప్ప పదార్థం. పాడేరు దారిలో ఏ గ్రామంలోనో పెట్టిన క్యాంపులో ఆ నాలుగూ ఒకేసారి దొరకవు.

అక్కడ పనికొచ్చేది 1970ల మొదట్లో విల్సన్, కెంట్ తెచ్చిన గ్లాస్ అయనోమర్. ఫ్లోరైడ్ ఉన్న గాజుపొడి, పాలీఆక్రిలిక్ ఆమ్లం కలిస్తే ఆమ్లం గాజులోంచి కాల్షియం, అల్యూమినియం అయాన్లను లాగి వాటితోనే గడ్డకడుతుంది. అదే ఆమ్లపు కార్బాక్సిల్ కొసలు పంటిలోని కాల్షియాన్ని కూడా పట్టుకుంటాయి. కాబట్టి వేరే జిగురు అక్కర్లేదు, లైటూ అక్కర్లేదు. బలంలో కాంపోజిట్‌కు సాటిరాదు, నమిలే చోట త్వరగా అరుగుతుంది. అయితే వేడికి పంటితోపాటే వ్యాకోచిస్తుంది, ఏళ్లతరబడి కొంచెం కొంచెంగా ఫ్లోరైడ్ విడుదల చేస్తుంది. 1980లలో టాంజానియాలో డ్రిల్ లేకుండా చేతి పనిముట్లతోనే పుచ్చు తీసి పళ్లు నింపే పద్ధతి మొదలైంది, ఆ పద్ధతికి ఆధారమైంది ఈ సిమెంటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. దీనికీ తేమతో పేచీ ఉంది, కాకపోతే రెండు వైపులా. వేసిన మొదటి నిమిషాల్లో నీరు తగిలితే పైపొర కరిగి తెల్లబడుతుంది, మరీ ఆరిపోతే పగుళ్లు పడతాయి. పైన వార్నిషో, వ్యాజ్‌లినో రాసి, గంటసేపు ఏమీ నమలొద్దని చెప్పి పంపితే చాలు, ఆ పనికి ఏసీ గది అక్కర్లేదు.